మద్రాసు ఆకాశంలో దొరికిన ‘ఆసియా’

చెన్నై నుంగంబాక్కంలో ప్రాంతీయ వాతావరణ కేంద్రం ఉంది. తుపాను వచ్చిన ప్రతిసారీ టీవీ వార్తల్లో ఆ పేరు వింటూనే ఉంటాం. ఆ ఆవరణలో 15 అడుగుల ఎత్తున్న గ్రానైటు స్తంభం ఒకటి నిలబడి ఉంది. బరువు 10 టన్నుల దాకా ఉంటుంది. 1792లో ఈస్టిండియా కంపెనీ అక్కడ కట్టించిన వేధశాలలో ఒక టెలిస్కోపును మోయడానికి దాన్ని నిలబెట్టారు. దాని మీద లాటిన్, తమిళ శాసనాలతో పాటు తెలుగు శాసనమూ ఉంది. వెయ్యేళ్ల తర్వాత పుట్టేవారికి కూడా ఈ పని ఎప్పుడు మొదలైందో తెలియాలని చెక్కించిన రాత అది. అందుకే ఈ ఊరి జనం చదివే భాషల్లోనూ చెక్కించారు.

వేధశాల కట్టడం ఇప్పుడు లేదు. స్తంభం మాత్రం మిగిలింది. ఆ చోట 30 ఏళ్లు ఆకాశాన్ని కాపు కాసిన ఒక మనిషి పేరు ఇవాళ్టికీ ప్రపంచంలోని ఖగోళ పుస్తకాలన్నింటిలో ఉంది. ఆయన నార్మన్ రాబర్ట్ పాగ్సన్. ఆసియా ఖండం నుంచి మొట్టమొదటి గ్రహశకలాన్ని కనిపెట్టింది ఆయనే. ఆయన రాసిపెట్టి లోకానికి చేర్చినవి నిలిచాయి. చూసి కూడా చేర్చలేకపోయినవి వేరేవాళ్ల పేరు మీదకు వెళ్లిపోయాయి. ఆయన జీవితాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు ఈ రెండు వైపులూ చెప్పాలి.

మేజోళ్ల వ్యాపారి కొడుకు

పాగ్సన్ 1829 మార్చి 23న ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పుట్టారు. తండ్రిది మేజోళ్ల వ్యాపారం. కొడుకు కూడా వ్యాపారంలోకే వస్తాడని ఇంట్లో అనుకున్నారు. పిల్లవాడి మనసు లెక్కల మీద ఉంది. పదహారేళ్లకు బడి వదిలేసి, లెక్కలు చెప్పి బతుకుదామనుకున్నారు. పద్దెనిమిదేళ్లకే రెండు తోకచుక్కల కక్ష్యలను లెక్కగట్టారు. ఇందులో ఆయనకు సాయపడినవారు జాన్ రస్సెల్ హైండ్. అప్పటికే పేరున్న ఖగోళ శాస్త్రవేత్త.

1851లో లండన్‌లోని ఒక ప్రైవేటు వేధశాలలో పాగ్సన్‌కు సహాయకుడి ఉద్యోగం దొరికింది. మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ వేధశాలలో చేరారు. అక్కడే 1856 మే 23న తన మొదటి గ్రహశకలాన్ని పట్టుకున్నారు. దానికి ‘ఐసిస్’ అని పేరు పెట్టారు. వరసలో అది 42వది. ఐసిస్ ఈజిప్టు దేవత. ఆక్స్‌ఫర్డ్ ఊళ్లో పారే నదిని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. పాగ్సన్ కూతురి పేరులోనూ ఐసిస్ ఉంది. అప్పటికి ఆ పాపకు మూడున్నరేళ్లు. ఈ పాప గురించి తర్వాత మళ్లీ చెప్పుకోవాలి. ఐసిస్‌ను కనిపెట్టినందుకు ఫ్రాన్సు దేశపు లాలాండ్ పతకం వచ్చింది. మరుసటి ఏడాది అరియాడ్నే, హెస్టియా అనే మరో రెండింటిని ఆయన పట్టుకున్నారు.

తప్పిపోయిన మొదటి శకలం

గ్రహశకలాన్ని పట్టుకోవడం అంటే ఏమిటో పిల్లలకు ఇలా చెప్పవచ్చు. అంగారకుడికీ బృహస్పతికీ మధ్య సూర్యుడి చుట్టూ తిరిగే రాళ్లు లక్షల్లో ఉన్నాయి. వాటిలో చాలావాటికి టెలిస్కోపులో కూడా బింబం కనపడదు, చుక్కలాగే ఉంటాయి. పక్కనున్న నక్షత్రానికీ దానికీ తేడా తెలియదు. తేడా ఒక్కటే. నక్షత్రం నిన్న ఉన్నచోటే ఇవాళా ఉంటుంది. శకలం కొంచెం జరుగుతుంది. కాబట్టి ఆకాశంలో ఒక చిన్న భాగంలోని చుక్కలన్నింటినీ పటంలో గుర్తుపెట్టుకొని, మళ్లీ మళ్లీ వచ్చి సరిచూడాలి. పటంలో లేని చుక్క కనిపిస్తే, మర్నాడు అది జరిగిందో లేదో చూడాలి.

జరిగిందని తెలిసినంత మాత్రాన పని పూర్తికాదు. అది ఏ దారిన పోతోందో లెక్క తేలాలి. ఆ దారినే కక్ష్య అంటాం. కక్ష్య తేలాలంటే వేర్వేరు సమయాల్లో కనీసం మూడుసార్లు దాని స్థానాన్ని కచ్చితంగా కొలిచి ఉండాలి. ఈ సంగతి మొట్టమొదటి శకలంతోనే తెలిసివచ్చింది. 1801 జనవరి 1న ఇటలీలోని పలెర్మోలో పియాజీ అనే మతాచార్యుడు సెరెస్‌ను చూశారు. ఫిబ్రవరి 11 వరకు వెంబడించారు. తర్వాత అది సూర్యకాంతిలో మునిగిపోయింది. మళ్లీ ఎక్కడ తేలుతుందో ఎవరికీ తెలియలేదు. పియాజీ రాసిపెట్టిన కొలతల నుంచి గాస్ అనే ఇరవై నాలుగేళ్ల జర్మన్ యువకుడు కక్ష్యను లెక్కగట్టాడు. ఆయన చెప్పిన చోటికి దగ్గర్లోనే ఆ ఏడాది చివరి రాత్రి సెరెస్ మళ్లీ దొరికింది. పియాజీ కొలతలు రాసుకోకపోయినా, రాసుకొని ఎవరికీ పంపకపోయినా అది అప్పట్లో దొరికేది కాదు.

వెలుగుకు ఒక కొలబద్ద

1856లో పాగ్సన్ 36 గ్రహశకలాల వెలుగును లెక్కకట్టి ఒక పట్టిక తయారు చేశారు. తర్వాతి ఏడాదిలో ఏ నెల మొదట్లో ఏది ఎంత వెలుగుతో కనిపిస్తుందో వెతికేవాళ్లకు తెలియాలని ఆ పట్టిక. అందులో ఆయనకు ఒక చిక్కు ఎదురైంది. నక్షత్రాలను వెలుగును బట్టి ఆరు తరగతులుగా విడగొట్టే అలవాటు గ్రీకుల కాలం నుంచి ఉంది. బాగా మెరిసేది మొదటి తరగతి. కంటికి కష్టంగా కనిపించేది ఆరో తరగతి. అయితే ఒక తరగతికీ తర్వాతి తరగతికీ మధ్య వెలుగు ఎన్ని రెట్లు తగ్గుతుంది? ఒక్కొక్కరు ఒక్కో లెక్క వేస్తున్నారు.

మొదటి తరగతి నక్షత్రం ఆరో తరగతి దానికంటే సుమారు 100 రెట్లు వెలుగైనదని అప్పటికే గమనించారు. పాగ్సన్ దాన్నే సరిగ్గా 100 రెట్లు అనుకుందాం అన్నారు. మధ్యలో ఐదు మెట్లు. ఏ సంఖ్యను ఐదుసార్లు వేసి గుణిస్తే 100 వస్తుందో అదే ఒక్కో మెట్టు విలువ. అది 2.512. ఇవాళ హబుల్ టెలిస్కోపు ఫొటోల్లోని నక్షత్రాల వెలుగును చెప్పాలన్నా ఈ కొలబద్దే వాడుతున్నారు. దాన్ని పాగ్సన్ నిష్పత్తి అంటారు. గ్రహశకలాల జాబితా రాస్తూ చేసుకున్న ఒక సర్దుబాటు అంత దూరం ప్రయాణించింది. అది అచ్చయి, నలుగురి చేతికీ అంది, ఎవరైనా వాడుకోగలిగేంత సులువుగా ఉంది కాబట్టే ఇది జరిగింది.

మద్రాసు ప్రయాణం

1860లో మద్రాసు ప్రభుత్వ ఖగోళవేత్తగా పాగ్సన్‌ను నియమించారు. 1861 మొదట్లో సంసారంతో సహా మద్రాసులో దిగారు. వయసు 31. ఆ తర్వాత ఆయన ఇంగ్లండుకు తిరిగి వెళ్లలేదు.

నుంగంబాక్కం వేధశాలకు అప్పటికే మంచి పేరుంది. పాగ్సన్‌కు ముందు అక్కడ పనిచేసిన టేలర్ 11,000 నక్షత్రాల స్థానాలతో ఒక జాబితా ప్రచురించారు. దక్షిణాకాశం యూరప్ కంటే ఇక్కడ ఎక్కువగా కనిపిస్తుంది. అంటే ఇక్కడి కొలతలు లేకపోతే అక్కడి వాళ్ల పటాల్లో ఖాళీలు ఉంటాయి.

వచ్చిన కొద్ది నెలలకే, 1861 ఏప్రిల్ 17న, పాగ్సన్‌కు పటంలో లేని చుక్క ఒకటి కనిపించింది. వరసలో అది 67వ గ్రహశకలం. అంతకుముందువన్నీ యూరప్ నుంచో అమెరికా నుంచో కనిపెట్టినవే. ఈ ఖండం నుంచి దొరికిన మొదటిది కనుక దానికి ‘ఆసియా’ అని పేరు పెట్టారు.

ఆ ఆసియా ఎలాంటిదో ఇప్పుడు మనకు బాగానే తెలుసు. అది రాతి జాతి శకలం. అడ్డకొలత సుమారు 60 కిలోమీటర్లు. చెన్నై నుంచి మహాబలిపురం ఎంత దూరమో ఇంచుమించు అంత. తన చుట్టూ తాను తిరగడానికి దాదాపు 16 గంటలు పడుతుంది. భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని ఒకటి అనుకుంటే, ఆసియా సూర్యుడికి సగటున 2.42 దూరంలో ఉంటుంది. దాని దారి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా కాస్త సాగి ఉంటుంది. దగ్గరకు వచ్చినప్పుడు దూరం 1.97, ఎడంగా పోయినప్పుడు 2.87. భూమి తిరిగే తలానికి ఆ దారి 6 డిగ్రీలు వాలి ఉంటుంది.

ఇది ఒక చుట్టు తిరగడానికి ఎన్నేళ్లు పడుతుందో తొమ్మిదో తరగతి పిల్లలు కూడా లెక్కగట్టవచ్చు. కెప్లర్ చెప్పిన సూత్రం ప్రకారం దూరాన్ని మూడుసార్లు వేసి గుణించి, వచ్చినదానికి వర్గమూలం తీయాలి. 2.42ను అలా గుణిస్తే సుమారు 14.17 వస్తుంది. దాని వర్గమూలం 3.76. అంటే మూడేళ్ల తొమ్మిది నెలలు. అంగారకుడు ఒక చుట్టు తిరగడానికి 687 రోజులు తీసుకుంటాడు. అంగారకుడు రెండు చుట్లు తిరిగేసరికి ఆసియా దాదాపు ఒక చుట్టు పూర్తి చేస్తుంది.

బందరులో ఆ పసుపు గీత

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాని నీడ తెలుగు నేల మీదుగా సాగింది. ఐదు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా మరుగవుతాడని లెక్కలు చెప్పాయి. ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు వచ్చారు. గుంటూరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్, బ్రిటిష్ బృందం నాయకుడు టెనెంట్ విడిది చేశారు. పాగ్సన్ తన బృందంతో మచిలీపట్నం వెళ్లారు. మరో బృందాన్ని వనపర్తికి పంపారు. దానికి నాయకుడు వేధశాలలో పనిచేస్తున్న చింతామణి రఘునాథాచారి.

సూర్యుడి అంచున ఎగసే ఎర్రటి జ్వాలలు దేనితో తయారయ్యాయో తెలుసుకోవడం ఆనాటి ప్రధాన ప్రశ్న. కాంతిని రంగులుగా విడగొట్టే వర్ణపట దర్శిని అప్పటికి కొత్తగా వచ్చింది. గ్రహణ సమయంలో దాన్ని జ్వాలల వైపు తిప్పితే మెరిసే గీతలు కనిపించాయి. అవి అక్కడ హైడ్రోజన్ వాయువు ఉందని చెప్పాయి. ఒక పసుపు గీత కూడా కనిపించింది. సోడియం గీత ఉండే చోట గానీ, దానికి అతి దగ్గర్లో గానీ అది ఉందని పాగ్సన్ నమోదు చేశారు.

అది సోడియం కాదు. అప్పటికి భూమి మీద ఎవరికీ తెలియని మూలకం. ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రవేత్త గ్రహణం లేకుండానే ఆ గీతను చూసి, సోడియం గీతలతో అది కలవడం లేదని గట్టిగా చెప్పారు. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా ఆ మూలకానికి హీలియం అని పేరు వచ్చింది. భూమి మీద దాన్ని రామ్సే పట్టుకున్నది 1895లో. హీలియం కథ చెప్పే పుస్తకాల్లో గుంటూరు, జాన్సెన్, లాకియర్ తప్పకుండా ఉంటారు. మచిలీపట్నం, పాగ్సన్ పేర్లు చాలావాటిలో ఉండవు. ఆయన నివేదిక మద్రాసులో ప్రభుత్వ పత్రంగా అచ్చయింది. యూరప్‌లో శాస్త్రవేత్తలు చదివే పత్రికల్లోకి వెళ్లలేదు. ఆ గీత ఏమిటన్న ప్రశ్నను తర్వాత వేరేవాళ్లు పట్టుకున్నారు.

రెండుసార్లే కనిపించిన తోకచుక్క

1872 నవంబరు చివర్లో జర్మనీ నుంచి పాగ్సన్‌కు ఒక టెలిగ్రాం వచ్చింది. పంపినవారు గ్యోటింగెన్ వేధశాలకు చెందిన క్లింకర్‌ఫ్యూస్. బియెలా అనే తోకచుక్క కొన్నేళ్ల క్రితం రెండు ముక్కలై, తర్వాత కనిపించకుండా పోయింది. నవంబరు 27న దాని దారిలో నుంచి ఉల్కల వాన కురిసింది. తోకచుక్క భూమి పక్క నుంచి దాటిపోయి ఉంటుందని, దక్షిణాకాశంలో ఫలానా నక్షత్రం దగ్గర వెతకమని ఆ తంతి సారాంశం. అది యూరప్ నుంచి కనిపించని చోటు.

మద్రాసులో అవి ఈశాన్య రుతుపవనాల రోజులు. మబ్బులు విడివడిన డిసెంబరు 2 తెల్లవారుజామున పాగ్సన్ ఆ చోట వెతికారు. నిజంగానే ఒక తోకచుక్క కనిపించింది. మర్నాడు కూడా చూసి స్థానం కొలిచారు. మూడోసారి చూడనీయకుండా మబ్బు కమ్మింది. రెండు కొలతలతో కక్ష్య తేలదు. అది బియెలా ముక్కా, మరో తోకచుక్కా అన్నది తర్వాత చాలామంది లెక్కలు వేసినా తేలలేదు. అది నేటికీ పాగ్సన్ తోకచుక్క పేరుతోనే మిగిలిపోయింది.

పంచాంగ కుటుంబం నుంచి వచ్చిన సహచరుడు

పాగ్సన్ గురించి చెప్పి చింతామణి రఘునాథాచారి గురించి చెప్పకపోతే అన్యాయం. పంచాంగాలు గుణించే కుటుంబంలో పుట్టి, చిన్న వయసులోనే వేధశాలలో అతి చిన్న కొలువులో చేరారు. పరిశీలనలో ఆయన చేయి ఎంత నిక్కమైనదంటే, క్రమంగా పాగ్సన్‌కు ముఖ్య సహాయకుడయ్యారు. వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే ఒక దక్షిణాకాశ నక్షత్రాన్ని 1867లో కనిపెట్టారు. 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడయ్యారు.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతున్నాడని తెలిసినప్పుడు రఘునాథాచారి ఒక చిన్న పుస్తకం రాశారు. ఆ రోజు ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో సంభాషణ రూపంలో వివరించారు. దాన్ని ఇంగ్లిషులోనే కాక దేశభాషల్లో కూడా తెచ్చారు. పంచాంగం రాసేవారు పాత లెక్కలను ఆకాశంలో కనిపించేదానితో సరిచూసుకోవాలని ఆయన పట్టుబట్టి వాదించారు. 1880లో కన్నుమూశారు.

సిల్వియా, ఆమె ఇద్దరు కొడుకులు

మద్రాసు నుంచి పాగ్సన్ మొత్తం ఐదు గ్రహశకలాలు కనిపెట్టారు. ఆసియా తర్వాత 1864లో సాఫో, 1866 మే 16న సిల్వియా, 1868 నవంబరులో కమిలా, చివరగా 1885లో వేరా. ఇంగ్లండులో పట్టుకున్న మూడింటితో కలిపితే ఎనిమిది.

వీటిలో సిల్వియా కథ వినదగినది. రోమ్ నగరాన్ని స్థాపించారని చెప్పే రోములస్, రీమస్ అనే కవలల తల్లి పేరు రియా సిల్వియా. పాగ్సన్ ఆమె పేరే పెట్టారు. 135 ఏళ్ల తర్వాత, 2001లో, హవాయిలోని కెక్ టెలిస్కోపుతో చూస్తే సిల్వియా చుట్టూ ఒక చిన్న చందమామ తిరుగుతున్నట్టు తెలిసింది. 2004లో చిలీలోని పెద్ద టెలిస్కోపుతో తీసిన చిత్రాల్లో రెండోది బయటపడింది. ఆ సంగతి 2005లో ప్రకటించారు. రెండు ఉపగ్రహాలున్న గ్రహశకలం దొరకడం అదే మొదలు. పేర్లకు వెతుక్కోనక్కర లేకపోయింది. రోములస్, రీమస్ అని పెట్టారు.

సిల్వియా సూర్యుడికి సగటున 3.48 దూరంలో తిరుగుతుంది. పైన చెప్పిన లెక్కే వేస్తే ఒక చుట్టుకు ఆరున్నరేళ్లు వస్తుంది. గ్రహశకలాల పట్టీలో అది బయటి అంచు. ఆకారం గుండ్రంగా ఉండదు, బంగాళాదుంపలా ఉంటుంది. పొడవు వైపు సుమారు 360 కిలోమీటర్లు. రోడ్డు మీద చెన్నై నుంచి బెంగళూరు ఎంత దూరమో ఇంచుమించు అంత. అంత పెద్ద రాయి తన చుట్టూ తాను ఐదు గంటల పది నిమిషాల్లో తిరిగేస్తుంది. రీమస్ సుమారు 700 కిలోమీటర్ల దూరంలో 33 గంటలకు ఒక చుట్టు వేస్తుంది. రోములస్ 1,360 కిలోమీటర్ల దూరంలో మూడున్నర రోజులకు పైగా తీసుకుంటుంది.

ఉపగ్రహం ఉంటే శాస్త్రవేత్తలకు పెద్ద లాభం. అది ఎంత దూరంలో ఎంత వేగంగా తిరుగుతోందో తెలిస్తే, దాన్ని లాగి పట్టుకున్న శకలం బరువెంతో లెక్క తేలుతుంది. సిల్వియా బరువును దాని పరిమాణంతో పోల్చి చూస్తే, దాని సాంద్రత నీటి సాంద్రతకంటే కొంచెమే ఎక్కువని తేలింది. గట్టి రాతికి అంత తక్కువ ఉండదు. అంటే లోపల ఖాళీలు గానీ, నీటి మంచు గానీ బాగా ఉండాలి. ఎప్పుడో ఒక పెద్ద ఢీకి పగిలిన ముక్కలు మళ్లీ గుట్టగా చేరితే ఇలా తయారవుతుంది. ఆ ఢీలో విడిపోయిన ముక్కలే ఈ ఉపగ్రహాలు కావచ్చు.

కమిలాకు కూడా 2001లో ఒక ఉపగ్రహం, 2016లో రెండోది దొరికాయి. పాగ్సన్ మద్రాసులో కంటితో చూసి పట్టుకున్న ఐదింటిలో రెండింటికి ఇద్దరేసి బిడ్డలున్నారన్నమాట. ఆయన టెలిస్కోపులో వాటిని చూసే వీలే లేదు. ఆయన చూసింది చుక్కను మాత్రమే. కానీ ఆ చుక్క ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ ఉందో రాసి అందరికీ పంపారు. తర్వాతి వాళ్లు ఆ దారి పట్టుకునే ఇక్కడికి వచ్చారు.

కూతురు ఐసిస్

పాగ్సన్‌ది పెద్ద సంసారం. 1869లో భార్య ఎలిజబెత్ మద్రాసులోనే చనిపోయారు. ఇంటి బాధ్యత పెద్దపిల్లల మీద పడింది. గ్రహశకలం పేరు పంచుకున్న కూతురు ఎలిజబెత్ ఐసిస్ 1873లో వేధశాలలో సహాయకురాలిగా చేరారు. జీతం నెలకు 150 రూపాయలు. అక్కడ 25 ఏళ్లు పనిచేశారు. 1881 నుంచి మద్రాసు ప్రభుత్వానికి వాతావరణ నివేదికల బాధ్యత కూడా చూశారు.

1886లో ఆమెను రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యురాలిగా తీసుకోవాలని తండ్రి ప్రతిపాదించారు. ఆ సొసైటీకి అలా ప్రతిపాదన వెళ్లిన మొదటి స్త్రీ ఆమె. నియమావళిలో మగవారి గురించే రాసి ఉందన్న న్యాయవాదుల సలహాతో ప్రతిపాదనను పక్కన పెట్టారు. 34 ఏళ్లు గడిచాక, 1920లో, ఆమెకు సభ్యత్వం వచ్చింది. అప్పటికి ఆమె వయసు అరవై దాటింది. తండ్రి లేరు.

అచ్చుకాని పుస్తకాలు

పాగ్సన్‌కు 1883లో మళ్లీ పెళ్లయింది. చివరి ఏళ్లు తేలికగా సాగలేదు. నక్షత్రాల స్థానాలు కొలిచే కొత్త పరికరంతో 1862లో మొదలుపెట్టిన పని 1887 వరకు నడిచింది. 5,000కు పైగా నక్షత్రాలను 50,000కు పైగా సార్లు కొలిచారు. ఒక్కో కొలతను లెక్కలు వేసి సవరిస్తే గానీ అచ్చుకు పనికిరాదు. దానికి మనుషులు చాలరు. రఘునాథాచారి పోయాక ఆ భారం మరీ పెరిగింది. తోటి శాస్త్రవేత్తలతో, పైఅధికారులతో ఆయనకు సఖ్యత తగ్గింది. ఎవరినీ లెక్కచేయని స్వభావం కూడా అందుకు కొంత కారణం. కొలతలు కాగితాల్లోనే ఉండిపోయాయి.

1882లో ఆయన మరో ఆలోచన ముందుకు తెచ్చారు. దక్షిణాదిలో ఏదో ఒక కొండ మీద పెద్ద టెలిస్కోపుతో కొత్త వేధశాల కట్టాలన్నది ఆ ప్రతిపాదన. సముద్రపు తేమ, మబ్బు లేని చోట ఆకాశం తేటగా కనిపిస్తుంది. పళని కొండలు, నీలగిరులు పరిశీలనకు వచ్చాయి. 1899లో కొడైకెనాల్ వేధశాల మొదలయ్యేసరికి ఆయన బతికి లేరు.

1891 జూన్‌లో, 62 ఏళ్ల వయసులో పాగ్సన్ మద్రాసులో కన్నుమూశారు. అక్కడి సెయింట్ జార్జ్ కథీడ్రల్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. అదే ఏడాది డిసెంబరులో జర్మనీలో మాక్స్ వూల్ఫ్ ఫొటో ప్లేటు సాయంతో మొదటిసారి ఒక గ్రహశకలాన్ని కనిపెట్టారు. కంటితో చుక్కలు సరిచూసే కాలం అక్కడి నుంచి వెనకబడిపోయింది. పాగ్సన్ వదిలివెళ్లిన పాతికేళ్ల కొలతలను ఆయన స్థానంలోకి వచ్చిన మిచీ స్మిత్ లెక్కలు పూర్తి చేయించి సంపుటాలుగా అచ్చు వేయించారు. 1968లో దొరికిన ఒక గ్రహశకలానికి పాగ్సన్ పేరు పెట్టారు. దానికీ ఒక చిన్న ఉపగ్రహం ఉన్నట్టు 2007లో తెలిసింది. చంద్రుడి మీద ఒక గుంటకు కూడా ఆయన పేరుంది.

మీ తరగతిలో చేయించండి

ఇందుకు టెలిస్కోపు అక్కర్లేదు. శుక్రుడో, అంగారకుడో, బృహస్పతో ఏ గ్రహం సాయంత్రం పూట కనిపిస్తుంటే దాన్ని ఎంచుకోండి. దాని చుట్టూ ఉన్న నాలుగైదు నక్షత్రాలను పిల్లల చేత కాగితం మీద గుర్తింపజేయండి. పది రోజులకోసారి అదే చోట నిలబడి మళ్లీ గీయించండి. ప్రతి బొమ్మ కింద తేదీ, వేళ, ఊరి పేరు, గీసినవారి పేరు తెలుగులో రాయించండి. మూడో బొమ్మ వచ్చేసరికి ఏ చుక్క జరుగుతోందో పిల్లలే చెబుతారు.

తొమ్మిది, పది తరగతుల వాళ్లకు సాఫో దూరం 2.30 అని చెప్పి, అది ఎన్నేళ్లకు ఒక చుట్టు తిరుగుతుందో కట్టమనండి. జవాబు మూడున్నరేళ్లకు దగ్గరగా రావాలి. చెన్నైలో ఉన్న బడులవారు ముందుగా అనుమతి అడిగి, వీలైతే పిల్లలను ఆ స్తంభం దగ్గరకు తీసుకువెళ్లండి. దాని మీది తెలుగు అక్షరాలను వాళ్లనే కూడబలుక్కొని చదవనివ్వండి.